తొలి సంపాదనతో ఒక చాకు

గోదావరి తీరం నుండి ఒక పాఠక సోదరుడు సుదీర్ఘమైన ఉత్తరం వ్రాశారు. వారి కుమారుడు ఒక నర్సరీలో అంటుకట్టే పని నేర్చుకుని, ఈ మధ్యనే అక్కడ జీతానికి కుదిరాడు. తొలి జీతంలో కొంత తల్లి చేతిలో పెట్టి, మిగిలిన దానితో ఒక మడత చాకును కమ్మరికి చెప్పి చేయించుకుంటానంటున్నాడు. దాని వెల బజారులో దొరికే చాకుకు పది రెట్లు ఉన్నది. "జేబులో కత్తి పెట్టుకుని తిరిగే కొడుకు నాకు వద్దు" అని తల్లి కన్నీరు పెట్టుకుంటున్నది. తండ్రి నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. ఇది దుబారా కాదా? ముస్లిం యువకుని వద్ద కత్తి కనిపిస్తే లోకం ఏమనుకుంటుంది? ఇంకా తయారు కాని వస్తువుకు ముందుగా ధర నిర్ణయించి సొమ్ము ఇవ్వడం ధర్మసమ్మతమేనా? ఉత్తరం చివర మరొక మాట కూడా చేర్చారు: అబ్బాయిది ఎడమచేతి వాటం, చాకుపై 'బిస్మిల్లాహ్' చెక్కించాలని అతని ముచ్చట.

ఇటువంటి చిన్న విషయాలకు కూడా ధర్మంలో సమాధానం ఉంటుందా అని కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. విశ్వాసి జీవితంలో చిన్న విషయమంటూ ఏదీ లేదు. సంపాదన, ఖర్చు, ఒప్పందం, పనిముట్టు, పొరుగువాని భద్రత - ఇవన్నీ ఒక్క చాకులో ఇమిడి ఉన్నాయి. అందుచేత ఈ మాసం ఈ శీర్షికను ఆ ఉత్తరానికే కేటాయిస్తున్నాను.

ఇనుములోని బలం, ప్రయోజనం

దివ్య ఖుర్ఆన్‌లోని 57వ సూరహ్ పేరు 'అల్-హదీద్', అనగా ఇనుము. ఆ సూరహ్ 25వ ఆయత్‌లో అల్లాహ్ ప్రవక్తలను, గ్రంథాన్ని, త్రాసును ప్రస్తావించి, మానవులు న్యాయంపై నిలబడాలన్న ఉద్దేశాన్ని తెలిపాడు. ఆ వెంటనే ఇనుమును ప్రస్తావిస్తూ, అందులో తీవ్రమైన శక్తి, ప్రజలకు ప్రయోజనాలు రెండూ ఉన్నాయని తెలియజేశాడు. న్యాయం మాట ముందు వచ్చింది, ఇనుము మాట తరువాత వచ్చింది. ఈ క్రమాన్ని పండితులు ప్రత్యేకంగా గమనింపజేస్తారు. త్రాసు లేని చేతిలో ఇనుము ఉపద్రవం. న్యాయం ఎరిగిన చేతిలో అదే ఇనుము వరం.

హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) కొరకు అల్లాహ్ ఇనుమును మెత్తబరచాడని సూరహ్ సబా 10, 11 ఆయత్‌లు తెలుపుతున్నాయి. కవచాలు తయారు చేయమనడంతో ఆ ఆజ్ఞ ముగియలేదు. కడియాలను సరైన కొలతతో అమర్చమనీ, సత్కార్యాలు చేయమనీ కూడా ఉన్నది. పనిలో కొలత తప్పకుండటం, నడవడిలో ధర్మం తప్పకుండటం ఒకే ఆజ్ఞలో చేరాయి. ఆయన తన చేతి కష్టంతోనే భుజించేవారని సహీహ్ బుఖారీ హదీసు చెబుతున్నది.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక పర్యాయం చాకుతో మేక జబ్బ మాంసం కోసుకుని తింటుండగా నమాజుకు పిలుపు వచ్చింది. ఆయన చాకును ప్రక్కన పెట్టి, తిరిగి వుజూ చేయకుండానే వెళ్ళి నమాజు చేయించారని హజ్రత్ అమ్ర్ బిన్ ఉమయ్య (రజి.) ఉల్లేఖించారు. చాకు ఆయన ఇంట వాడుకలోని ఒక వస్తువు. పని ఉన్నప్పుడు చేతిలో ఉన్నది. నమాజు పిలుపు వినగానే చేతిని వదిలింది.

తల్లి భయం, లోకం చూపు

ఆ తల్లి భయాన్ని నేను తేలికగా తీసుకోను. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ నగరం నవాబుల కాలం నుండి మడత చాకుల పనితనానికి పేరు పొందింది. ఆ కార్మికుల నేర్పు లోకానికి తెలియకముందే, సినిమాలలోని దుష్టపాత్రల చేతులలో మెరిసి 'రాంపురీ' అనే మాట నేరానికి మారుపేరైపోయింది. ఒక ఊరి వృత్తికే అంత అపవాదు వచ్చినప్పుడు, ఒక యువకునికి రావడానికి ఎంతసేపు పడుతుంది?

అయితే మన ఇండ్లలో చాకుకు మరొక చరిత్ర కూడా ఉన్నది. రెల్లు కలాన్ని చెక్కే చిన్న చాకును 'కలమ్‌తరాష్' అంటారు. ఖుర్ఆన్ ప్రతులు వ్రాసిన కాతిబ్‌ల చేతి ప్రక్కన సిరాబుడ్డితో పాటు అది కూడా ఉండేది. చెన్నైలో 1927లో ప్రారంభమైన 'ది ముసల్మాన్' ఉర్దూ దినపత్రిక కాతిబ్‌ల చేతివ్రాతకే ప్రసిద్ధి చెందింది. చాకు పదును తప్పితే కలం మొన వంకర పోతుంది; కలం వంకర పోతే అక్షరం వంకర పోతుంది. కాబట్టి ఆ తల్లి కుమారుని వస్తువును మాత్రమే చూడక, అతడు దానిని ఏ పనికి కోరుతున్నాడో కూడా చూడాలి. కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్నది మన పిల్లలు మద్రసాలో నేర్చే తొలి హదీసులలో ఒకటి.

చట్టాన్ని కూడా తెలుసుకోవాలి. మన దేశపు ఆయుధ నియమావళి ప్రకారం అలుగు 9 అంగుళాల కంటె పొడవు గాని, 2 అంగుళాల కంటె వెడల్పు గాని ఉన్న కత్తులు లైసెన్సు కావలసిన ఆయుధాల కోవలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి, శాస్త్ర పరిశోధనకు, పరిశ్రమకు ఉద్దేశించినవాటికి మినహాయింపు ఉన్నది. కొన్నిచోట్ల నియమం ఇంకా కఠినం. ఢిల్లీలో బటన్ వంటి యంత్రంతో తెరుచుకునే చాకుల అలుగు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు ఉంటే వాటిని కూడా ఆయుధాలుగా ప్రకటించారు. విమానంలో చేతిసంచిలో ఏ చాకునూ అనుమతించరు. అంటుకట్టే చాకు అలుగు సాధారణంగా 6, 7 సెంటీమీటర్లకు మించదు. మీ అబ్బాయి చేతితో తెరిచే చాకునే చేయించుకోవాలి, బటన్ చాకు జోలికి పోకూడదు. పనికి వెళ్ళేటప్పుడు దానిని పనిముట్ల సంచిలో ఉంచుకుని, సినిమా హాలుకో, సభకో, ఊరేగింపుకో వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉంచి వెళ్ళాలి. మన నడత వల్ల మన తల్లిదండ్రులకు అనవసరమైన దిగులు కలగకుండా చూసుకోవడం కూడా ధర్మమే.

దుబారా ఏది, అవసరం ఏది?

ఇక మొదటి ప్రశ్న. వెల ఎక్కువైనంత మాత్రాన ఒక వస్తువు దుబారా కాదు. అవసరం లేనిచోట, లేక అవసరాన్ని మించి, లేక గొప్ప చూపించుకోవడానికి చేసే ఖర్చే దుబారా. అలా చూసినప్పుడు ఈ ఉత్తరంలోని అసలు విషయం, తండ్రిగారు చివర మాటవరసకు చేర్చిన వాక్యంలోనే ఉన్నది: అబ్బాయిది ఎడమచేతి వాటం.

వంటింటి కత్తికి రెండు వైపులా సాన పడతారు. అంటుకట్టే చాకుకు అలా కాదు. అలుగుకు ఒక వైపు మాత్రమే సాన ఉంటుంది, రెండవ వైపు పూర్తిగా చదునుగా ఉంటుంది. చదును వైపు కొమ్మకు ఆనినప్పుడే కోత సమతలంగా వస్తుంది. వేరుమూలపు కోత, సయాన్ కొమ్మ కోత రెండూ సమతలంగా ఉండి, బెరడు క్రింది పచ్చని పొరలు ఒకదానికొకటి తాకితేనే అంటు అతుక్కుంటుంది. మధ్యలో సందు ఉంటే అది ఎండిపోతుంది. బజారులో దొరికే అంటు చాకులు దాదాపుగా కుడిచేతివారి కొరకు చేసినవే. ఎడమచేతివాడు దానిని పట్టుకుంటే సాన వైపు కొమ్మకు ఆని, కోత గుంట పడుతుంది. అలుగును తెరవడానికి గోరు పెట్టే గాడి కూడా అతనికి తప్పు వైపే ఉంటుంది.

భోజనం కుడిచేతితో చేయడం సున్నత్. ఆ అలవాటును పిల్లలకు ఓర్పుతో నేర్పాలి. కాని చేతిపనిలో ఎడమచేతి నేర్పు అల్లాహ్ సృష్టిలోని ఒక వైవిధ్యం. దానికి సిగ్గుపడనవసరం లేదు, ఎవరూ దెప్పిపొడవనూ కూడదు. ఈ అబ్బాయికి చాకు చేయించుకోవడం విలాసం కాదు. కొలత ఇచ్చి చెప్పులు కుట్టించుకునేవానిది ఎంత అవసరమో, ఇతనిదీ అంతే.

అయితే ఒక హద్దు ఉన్నది. పని చూపే సొగసు వేరు, జేబు చూపే సొగసు వేరు. ఇంటి అద్దె, అప్పు, తల్లిదండ్రుల మందులు ముందు. అవి తీరిన తరువాత మిగిలిన సొమ్ముతోనే ఈ కోరిక నెరవేరాలి. అప్పు చేసి చేయించుకునేటంత అవసరం మాత్రం ఇందులో లేదు.

ఏమి చూసి ఎంచుకోవాలి?

మదీనావాసులు ఖర్జూరపు చెట్లకు పుప్పొడి చేర్చే పద్ధతి గురించి దైవప్రవక్త (స) ఒక మాట అన్నారు. వారు ఆ పని మానివేశారు. ఆ ఏడు దిగుబడి తగ్గింది. అప్పుడాయన, అటువంటి ప్రాపంచిక వ్యవహారాలు వారికే బాగా తెలుసునని చెప్పారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. కాబట్టి చాకు విషయంలో మౌలానా మాట కంటె నర్సరీలో ముప్పై ఏండ్లు అంటుకట్టిన పెద్దమనిషి మాటకే విలువ ఎక్కువ. అటువంటివారి ద్వారా తెలుసుకున్న నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది, లోహం. అధిక కార్బన్ ఉక్కు సన్నని పదును పడుతుంది, సానపై తేలికగా లొంగుతుంది, కాని తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉండటం వల్ల తుప్పును తట్టుకుంటుంది, కాని ఇంటివద్ద సాన పట్టడం కొంత శ్రమ. ప్రతిదినం తుడిచి నూనె పూసే అలవాటు ఉన్నవానికి కార్బన్ ఉక్కు మంచిది. మామిడి సొన అలుగును త్వరగా పాడుచేస్తుంది. అటువంటి అలవాటు లేనివాడు స్టెయిన్‌లెస్ తీసుకోవడమే మేలు. మన కమ్మరులు లారీ కమాను పట్టీల నుండి కూడా చక్కని అలుగులు చేస్తారు. ఉక్కు పేరు కంటె దానికి పదును పట్టించిన చేయి ముఖ్యం. మరీ గట్టిపడితే అంచు పెచ్చులూడుతుంది, మరీ మెత్తబడితే అంచు మడతపడుతుంది.

రెండవది, మడత. అలుగు తెరిచినప్పుడు అటు ఇటు కదలకూడదు. మూసినప్పుడు పిడి మధ్యలోకి వచ్చి, ఏ ప్రక్కకూ రాసుకోకూడదు. వెనుకనున్న స్ప్రింగు తెరిచినప్పుడూ మూసినప్పుడూ అలుగును గట్టిగా పట్టి ఉంచాలి. బలంగా నొక్కి కోసే పని ఉంటే, అలుగు వేళ్ళపైకి మూసుకోకుండా తాళం వంటి ఏర్పాటు అడగాలి. ఫ్రాన్స్‌లో 1890లో జోసెఫ్ ఒపినెల్ రూపొందించిన చెక్క పిడి చాకు నేటికీ రైతుల చేతిలో ఉన్నది. 1955లో దానికి తిప్పితే బిగిసే ఉంగరం చేర్చారు. ఇంత తేలిక ఏర్పాటు కూడా వ్రేళ్ళను కాపాడుతుంది.

మూడవది, పిడి. నాలుగు వ్రేళ్ళూ పట్టేటంత పొడవు, చెమట పట్టినా జారని తీరు ఉండాలి. కర్ర, ఇత్తడి, గేదె కొమ్ము - ఏదైనా ధర్మసమ్మతమే. పంది ఎముక ఏ రూపంలోనూ కూడదు. ఏనుగు దంతం, జింక కొమ్ము మెరుపు చూసి మోసపోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటి వ్యాపారాన్ని నిషేధించింది. బంగారం, వెండి హంగులు పనిముట్టుకు అనవసరం.

నాలుగవది, నీటి అలల వంటి గీతలున్న అలుగు. నేటి యువకులు దీనిని ఎక్కువగా కోరుతున్నారు. మన తెలంగాణలోని నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కును కొనడానికి ఒకప్పుడు పారశీక వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కులో గీతలు లోహపు గుణం వల్ల తమంతట తామే ఏర్పడేవి. నేడు రెండు రకాల ఉక్కును పొరలుగా అతికి చేసే గీతలు వేరు. కేవలం ఆమ్లంతో పైపైన వేసే గీతలు మరీ వేరు. ఏది ఏదో చెప్పి అమ్మితే తప్పులేదు, దాచి అమ్మితే అది మోసం. ధాన్యపు కుప్పలోకి చేయి పెట్టి లోపలి తడిని బయటపెట్టిన దైవప్రవక్త (స), మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించిన సంగతి ప్రతి వర్తకుడూ గుర్తుంచుకోవాలి. కొనేవాడు కూడా అడిగి తెలుసుకోవాలి. అంటుకట్టేవానికి ఆ గీతలతో పనిలేదు.

ఇక 'బిస్మిల్లాహ్' చెక్కించే ముచ్చట. ఆ భావం మంచిదే. కాని ఈ చాకు బురదలో పడుతుంది, సొన అంటుతుంది, జేబులో మరుగుదొడ్డికి కూడా వెళుతుంది. దైవనామానికి అది తగిన చోటు కాదు. బిస్మిల్లాహ్ చాకుపై ఉండనక్కరలేదు, కోత మొదలుపెట్టే ముందు నాలుకపై ఉండాలి. కావాలంటే పిడిపై తన పేరు చెక్కించుకోవచ్చు.

లేని వస్తువుకు ఒప్పందం

తన వద్ద లేని వస్తువును అమ్మవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి.)ను వారించారు. మరి ఇంకా కొలిమికెక్కని చాకుకు ధర నిర్ణయించడం ఎలా సమ్మతం? తండ్రిగారి మూడవ ప్రశ్న నిజంగా మంచి ప్రశ్న.

దైవప్రవక్త (స) తన ముద్ర కొరకు వెండి ఉంగరం చేయించుకున్నారు. మిన్‌బర్ కొరకు ఒక మహిళ వద్ద పనిచేసే వడ్రంగి చేత కర్ర మెట్లు చేయించారు. ముస్లిముల సమాజం తరతరాలుగా చెప్పులు, పాత్రలు, పనిముట్లు ఇలాగే చేయించుకుంటూ వచ్చింది. ఈ ఆధారాలతో హనఫీ ధర్మశాస్త్రవేత్తలు దీనిని 'ఇస్తిస్నా' అనే ప్రత్యేక ఒప్పందంగా అనుమతించారు. ఇందులో సొమ్మంతా ముందే ఇవ్వనక్కరలేదు. ముందు కొంత, తరువాత కొంత ఇవ్వవచ్చు, పని పూర్తయ్యాక కూడా ఇవ్వవచ్చు.

షరతు ఒక్కటే: తరువాత తగవు రానంత స్పష్టంగా వర్ణన ఉండాలి. ఏ ఉక్కు, అలుగు పొడవెంత, మందమెంత, సాన ఏ వైపు, గోటి గాడి ఏ వైపు, పిడికి ఏ కర్ర, తాళం ఉన్నదా లేదా, ధర ఎంత, ఏ తేదీకి ఇస్తారు - ఇవన్నీ కాగితంపై వ్రాసుకోవాలి. బొమ్మ గీసి ఇస్తే మరీ మంచిది. అప్పు వ్యవహారాలను వ్రాసుకోమన్న సూరహ్ బఖరహ్ 282వ ఆయత్ స్ఫూర్తి ఇదే.

తయారైన వస్తువు నచ్చకపోతే? చూసిన తరువాత తీసుకోవడమో, మానడమో కొనుగోలుదారు ఇష్టమని ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహ్) అభిప్రాయం. వర్ణన ప్రకారం ఉంటే తీసుకోక తప్పదని ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్) అభిప్రాయం. ఉస్మానియా పాలనలో రూపొందిన 'మజల్లా' ధర్మస్మృతి 392వ అధికరణంలో ఈ రెండవ అభిప్రాయాన్నే స్వీకరించింది. 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ కూడా ఈ ఒప్పందం ఇరుపక్షాలకూ కట్టుబాటేనని తీర్మానించింది. దీనిలోని న్యాయం గమనించండి. ఎడమచేతి కొలతకు చేసిన చాకును ఆ అబ్బాయి కాదంటే ఇంకెవరు కొంటారు? కమ్మరి శ్రమ వృథా పోతుంది. కాబట్టి మనసు మారిందని తిరస్కరించకూడదు. వర్ణనకు భిన్నంగా ఉంటే మాత్రం నిస్సంకోచంగా తిరిగి ఇవ్వవచ్చు.

కమ్మరి శ్రమ

ఈ సందర్భంలో హజ్రత్ ఖబ్బాబ్ బిన్ అరత్ (రజి.)ను తలచుకోకుండా ఉండలేము. ఆయన మక్కాలో కమ్మరి, ఖడ్గాలు చేసేవారు. ఆస్ బిన్ వాయిల్ అనే ధనవంతుడు ఆయన చేత పని చేయించుకుని సొమ్ము ఇవ్వలేదు. అడగడానికి వెళితే, ముహమ్మద్ (స)ను తిరస్కరిస్తేనే ఇస్తానన్నాడు. నీవు చనిపోయి తిరిగి లేచినా ఆ పని చేయనని ఖబ్బాబ్ (రజి.) బదులిచ్చారు. అయితే నేను తిరిగి లేచినప్పుడు నాకు ధనం, సంతానం ఉంటాయి, అప్పుడే బాకీ తీరుస్తానని అతడు ఎగతాళి చేశాడు. సూరహ్ మర్యమ్ 77 నుండి 80 వరకు గల ఆయత్‌లు ఈ సందర్భంలోనే అవతరించాయి. ఒక కమ్మరి కూలి ఎగ్గొట్టినవాని అహంకారం ప్రళయదినం వరకు పఠించబడే గ్రంథంలో నమోదైంది.

కూలివాని చెమట ఆరకముందే కూలి ఇమ్మన్న ఉపదేశం మనకందరికీ తెలుసు. తెలిసి కూడా దర్జీని, వడ్రంగిని, కమ్మరిని పదిసార్లు తిప్పించుకునేవారు మనలో లేరా? నాణ్యతను గట్టిగా అడగండి, అది మీ హక్కు. ఒప్పుకున్న ధరను పని అయ్యాక తగ్గించమని మాత్రం అడగవద్దు. పనివానిపైనా బాధ్యత ఉన్నది: ఇచ్చిన తేదీ ఒక వాగ్దానం. ఆలస్యమయ్యేటట్లుంటే ముందుగా కబురు చేయాలి.

చాకు మర్యాదలు

ఖడ్గాన్ని ఒర లేకుండా ఒకరికొకరు అందించుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించారు. బాణాలతో మస్జిదు గుండా వెళుతున్న వ్యక్తిని వాటి మొనలు పట్టుకుని నడవమన్నారు. సొంత సోదరుని వైపైనా సరే, ఇనుప ఆయుధం చూపేవానిని దైవదూతలు శపిస్తారని హెచ్చరించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి.) మినాలో జనసమ్మర్దంలో ఈటె మొన కాలికి గుచ్చుకుని గాయపడిన సంఘటన బుఖారీలో ఉన్నది, ఆయుధాలు తేకూడని రోజున తెచ్చారని ఆయన బాధపడ్డారు.

వీటి నుండి మన చాకుకు నియమాలు వాటంతటవే వస్తాయి. ఇతరులకు మూసి అందించాలి. తెరిచిన చాకుతో నడవకూడదు, హాస్యానికైనా ఎవరి వైపూ చూపకూడదు. ఈద్‌గాహ్‌కు, రద్దీ ప్రదేశాలకు తీసుకుపోకూడదు. పసిపిల్లలకు అందని చోట పెట్టాలి. ఒక మొక్క నుండి మరో మొక్కకు తెగులు పాకకుండా అలుగును స్పిరిట్‌తో తుడవాలి. యజమాని మొక్కలు కూడా మన చేతిలోని అమానతే. పదును తగ్గనీయకూడదు, ఎందుకంటే మొద్దు చాకే ఎక్కువగా జారి వ్రేళ్ళను కోస్తుంది.

కాబట్టి సోదరా, మీ అబ్బాయిని అనుమతించండి. అయితే ఒప్పంద పత్రాన్ని అతని చేతనే వ్రాయించి, మీరు ప్రక్కన కూర్చుని చదవండి. చాకు తయారయ్యాక మొదటి అంటును తన తల్లి పేరున ఇంటి పెరటిలో కట్టమనండి. ముస్లిం నాటిన చెట్టు నుండి మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా అది అతనికి దానంగా వ్రాయబడుతుందని హదీసు చెబుతున్నది. ఆ చెట్టు కాపుకు వచ్చేనాటికి ఆ తల్లి భయం తీరిపోతుందని ఆశిస్తున్నాను.

అల్లాహ్ మన యువకుల చేతులలో ప్రయోజనాన్ని, మన ఒప్పందాలలో న్యాయాన్ని, మన సంపాదనలో శుభాన్ని ప్రసాదించుగాక. మన చేతి వల్ల గాని, నాలుక వల్ల గాని ఎవరికీ కీడు కలగకుండా కాపాడుగాక. ఆమీన్.